ఉద్యోగాల ఇంట్లో కుక్కపిల్లకు ఒంటికి, రెంటికి అలవాటు చేయడం ఎలా?

మా ఇంటికి వచ్చేసరికి మినుముకు తొమ్మిది వారాలు. నల్లగా, గుండ్రంగా ఉన్న నాటు కుక్కపిల్ల. మొదటి రోజే హాలులో నాలుగుసార్లు, వంటింటి గడప దగ్గర రెండుసార్లు, మా వారి ల్యాప్‌టాప్ సంచి మీద ఒకసారి ఒంటికి వెళ్లింది. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు, ఇద్దరికీ వారానికి మూడు రోజులు ఆఫీసు. ఆ వారం తెనాలి నుంచి వచ్చి ఉన్న అత్తయ్య, "అమ్మాయ్, నేల మీద కాలు పెట్టాలంటేనే భయంగా ఉంది" అని మంచం మీదే కూర్చుని కాఫీ తాగారు. అక్కడి నుంచి ఐదున్నర నెలల వయసు వచ్చేసరికి మినుము ఇల్లు తడపడం పూర్తిగా మానేసింది. మధ్యలో మేం చేసిన పనులూ, చేసిన తప్పులూ వరసగా చెబుతాను.

(చిన్నప్పుడు బడిలో చిటికెనవేలు చూపిస్తే ఒంటికి, రెండు వేళ్లు చూపిస్తే రెంటికి. ఇంతకంటే మర్యాదైన మాటలు నాకు దొరకలేదు కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాను.)

తెచ్చే ముందే వేయాల్సిన లెక్క

ఒంటికి ఆపుకోవడం కుక్కపిల్లకు బుద్ధికి సంబంధించిన విషయం కాదు, వయసుకు సంబంధించినది. మూత్రాశయాన్ని బిగబట్టే కండరాల మీద అదుపు నెమ్మదిగా వస్తుంది. దీనికి వాడుకలో ఒక మోటు లెక్క ఉంది: పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి, మహా అయితే అన్ని గంటలు ఆపుకోగలదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు, మూడు నెలల పిల్లకు నాలుగు. అదీ కదలకుండా పడుకున్నప్పుడు. ఆడుకుంటున్న పిల్లకు అరగంట కూడా ఎక్కువే. పామరేనియన్, షిట్జూ వంటి చిన్న జాతులకు ఇంకా తక్కువ.

ఇప్పుడు మీ రోజు లెక్కేసుకోండి. ఆఫీసు, రెండు వైపులా ట్రాఫిక్ కలిపితే పది గంటలు. ఆ పది గంటల్లో కనీసం రెండుసార్లు, మొదటి నెలలో మూడుసార్లు, ఎవరో ఒకరు మీ ఇంటి తలుపు తీయాలి. ఆ మనిషి ఎవరో తేలకుండా కుక్కపిల్లను తేవద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను. మనిషి దొరకకపోతే ఏడాది దాటిన కుక్కను దత్తత తీసుకోండి. దానికి ఆపుకునే శక్తి ఉంటుంది, చోటు చూపిస్తే చాలావరకు కొన్ని వారాల్లో పట్టేస్తుంది. పిల్లే కావాలనుకుంటే మాత్రం ఎనిమిది వారాలు నిండకముందు తల్లి నుంచి విడదీయవద్దు.

మేం చేసిన ఏర్పాటు ఇది. మొదటి వారం మా వారు సెలవు పెట్టారు, రెండో వారం నేను. ఒకేసారి ఇద్దరం పెట్టి ఉంటే రెండో వారం నడిసముద్రంలో ఉండేవాళ్లం. తర్వాత ఆఫీసు రోజులు మార్చుకున్నాం: ఆయన సోమ, మంగళ, బుధ, నేను బుధ, గురు, శుక్ర. దాంతో ఇద్దరం ఇంట్లో లేని రోజు వారానికి ఒక్క బుధవారమే మిగిలింది. ఆ రోజు మా ఇంట్లో పనిచేసే ఆమె 11:30కు, 2:30కు, 5 గంటలకు వచ్చి ఇరవై నిమిషాలు ఉండేటట్టు మాట్లాడుకుని, అందుకు విడిగా జీతం ఇచ్చాం. వారమంతా ఆఫీసుకు వెళ్లేవారు ఎదురింటి పదవీవిరమణ చేసిన పెద్దవారినో, అపార్టుమెంటులోని కాలేజీ విద్యార్థినో, వాచ్‌మన్ కుటుంబాన్నో ముందే అడిగి పెట్టుకోండి. ఊరికే సాయంగా కాకుండా డబ్బు ఇచ్చి పెట్టుకోండి. సాయం ఆదివారం పూట మానేస్తుంది, జీతం మానదు.

నాలుగో చోటు లేదు

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. మెలకువగా ఉన్న కుక్కపిల్ల ఎప్పుడూ మూడు చోట్లలో ఒకదానిలోనే ఉండాలి: మీ కళ్ల ముందు, కంచెలో, ఒంటికి వెళ్లే చోట. 'ఎక్కడో హాలులో తిరుగుతోందిలే' అనేది నాలుగో చోటు. ఇల్లు తడిసేది అక్కడే.

కళ్ల ముందు అంటే నిజంగా కళ్ల ముందే. ఫోను చూస్తూ మధ్యమధ్య తల ఎత్తడం లెక్కలోకి రాదు. వంట చేసేటప్పుడు ఐదారు అడుగుల తేలికపాటి తాడు దాని మెడపట్టీకి కట్టి, రెండో కొస నా నడుముకు కట్టుకునేదాన్ని. అది వంటింట్లో స్టవ్ దగ్గరికి రాకుండా చూసుకోవాలి, అంతే. తాడు ఉంటే అది సోఫా వెనక్కి వెళ్లలేదు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెడితే నాకు తాడు లాగినట్టు తెలుస్తుంది. హఠాత్తుగా ఆట ఆపేయడం, నేల వాసన చూడటం, గుండ్రంగా తిరగడం, గది మూలకు నడవడం: ఈ నాలుగింటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా ఎత్తుకుని వెళ్లండి.

కంచె అంటే పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే మడత పెట్టే ఇనుప పలకల చుట్టుగోడ. సుమారు నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. ఒక చివర పడక, నీళ్లు, నమలడానికి బొమ్మ. రెండో చివర ఒంటికి వెళ్లే ట్రే. కుక్కపిల్లకు పడుకునే చోటు పాడుచేసుకోకూడదనే స్వభావం పుట్టుకతోనే ఉంటుంది కాబట్టి వీలైనంత దూరంగా ఉన్న ట్రే వైపే వెళుతుంది. ఇరుకు బోనుల్లో పెరిగిన పిల్లల్లో ఈ స్వభావం దెబ్బతింటుంది. అలాంటి పిల్లకు మరికొన్ని వారాల ఓపిక కావాలి.

మేం ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు పడుకోబెట్టడానికి గాలి ఆడే పెట్టె (క్రేట్) వేరే పెట్టాం. అందులో అది నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకోగలగాలి. అంతకంటే పెద్దదైతే ఒక మూల పడక, ఇంకో మూల మరుగుదొడ్డి అయిపోతుంది. పగలు గంటన్నర, రెండు గంటలు దాటి పెట్టెలో ఉంచవద్దు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు పెట్టెలో పెట్టి తాళం వేసి వెళ్లడం మాత్రం క్రూరత్వమే. ఆ గంటలు కంచెకు చెందినవి.

చోటు, దానికో మాట

ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో కుక్కపిల్ల పాదాల కింద ఏది తగిలితే అక్కడ వెళ్లడానికి అలవాటు పడుతుంది. గడ్డికి అలవాటు పడితే గడ్డినే వెతుకుతుంది, పట్టకు అలవాటు పడితే పట్టనే. మన ఇళ్లలో నున్నటి టైల్సు తప్ప మెత్తనివి అంటే కాళ్లు తుడుచుకునే పట్టలు, పరుపులే. అందుకే అవి ముందు తడుస్తాయి. మూడు నెలల పాటు ఇంట్లోని పట్టలన్నీ చుట్టి అటక మీద పెట్టేయండి.

వార్తాపత్రిక పరవడం చవకైన మార్గం. మేమూ మొదటి వారం అదే చేశాం. అయితే దానితో ఒక చిక్కుంది: ఆదివారం పొద్దున మా వారు నేల మీద పరిచి చదువుతున్న అనుబంధం మీదికి మినుము నింపాదిగా నడిచి వచ్చి పని కానిచ్చింది. తప్పు దానిది కాదు కదా! ఆ రోజే గడ్డికి మారాం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న ప్లాస్టిక్ ట్రేలో కాస్త మట్టి వేసి, నర్సరీలో అమ్మే లాన్ గడ్డి పలక పరిచి బాల్కనీలో పెట్టాం. మూత్రంలోని నత్రజని వల్ల గడ్డి రెండు వారాల్లో పసుపు రంగుకు తిరుగుతుంది, మార్చుకోవాలి. ట్రే కింద నీరు కారే దారి కూడా చూసుకోండి. మేం చూసుకోలేదు. రెండో అంతస్తు వారి ఆరేసిన బట్టలు ఆ సంగతి మాకు చెప్పాయి.

నేరుగా కిందికే ఎందుకు తీసుకువెళ్లలేదంటే టీకాలు పూర్తికాలేదు కాబట్టి. కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. వీధి కుక్కలు తిరిగే చోట టీకాలు లేని పిల్లను నేల మీద దింపడం ప్రాణం మీదికి తెస్తుంది. పార్వో, డిస్టెంపర్ వంటి వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున పదహారు వారాల వరకు సాగుతుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఎప్పుడు కిందికి దింపవచ్చో మీ పశువైద్యులే చెప్పాలి. అప్పటిదాకా ఎత్తుకుని వీధి, బండ్లు, మనుషులను చూపించండి. అది కూడా అవసరమే.

ఇక మాట. పసిపిల్లలను కాళ్ల మీద కూర్చోబెట్టుకుని 'స్స్స్...' అంటే ఒంటికి పోస్తారు కదా. కుక్కపిల్లకూ అదే చేయవచ్చని చెప్పింది అత్తయ్యే, మంచం మీద నుంచే. అది ఒంటికి వెళ్లడం మొదలుపెట్టిన క్షణంలో మెల్లగా 'స్స్స్' అనాలి. ముందుగా అంటే దానికి అర్థం తెలియదు. రెండు వారాలు ఇలా జత కలిపాక, ట్రే మీద నిలబెట్టి ఆ శబ్దం చేస్తే చాలు. ఉదయం తొమ్మిది గంటల మీటింగుకు పది నిమిషాల ముందు ఈ ఒక్క శబ్దం ఎంత విలువైనదో అనుభవిస్తేనే తెలుస్తుంది.

పని అయిన వెంటనే, అక్కడే, ఒకటి రెండు సెకన్లలో ఉడికించిన కోడిమాంసం ముక్కో, పనీర్ ముక్కో పెట్టాలి. లోపలికి వచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు బహుమతి అనుకుంటుంది. ఎండుద్రాక్ష, చాక్లెట్ మాత్రం పెట్టవద్దు, కుక్కలకు అవి విషం.

గడియారం

తిండి వేళకు పెడితే రెంటికి కూడా వేళకే వస్తుంది. రోజంతా గిన్నె నిండా తిండి వదిలేసే ఇంట్లో ఈ శిక్షణ ముందుకు సాగదు. తిన్న ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు పిల్లకు పేగు కదులుతుంది. నిద్ర లేవగానే, ఆట అయిపోగానే ఒంటికి వస్తుంది. మా బుధవారం ఇలా సాగేది:

ఉదయం 5:45: లేవగానే ఎత్తుకుని ట్రే మీదికి. నడిపిస్తే దారిలోనే పని అయిపోతుంది.
6:15: తిండి. 6:30: మళ్లీ ట్రే. తర్వాత అరగంట ఆట.
7:30: ట్రే, నిద్ర. 8:40: ట్రే, కంచె. 8:50: మేం బయలుదేరడం.
11:30, 2:30, 5:00: ఆమె రావడం. 11:30కు రెండో తిండి పెట్టి, పావుగంట తర్వాత ట్రే చూపించి వెళ్లడం.
సాయంత్రం 6:45: మేం రాగానే ట్రే. 7:15: మూడో తిండి. 7:30: ట్రే.
రాత్రి 9:00, 11:00: ట్రే, పడక.
తెల్లవారుజామున 2:30: అలారం, ట్రే.

ఆ చివరి వరస చూసి భయపడకండి. పెట్టెను మా మంచం పక్కనే పెట్టుకున్నాం, అది కదిలితే వినపడాలి కాబట్టి. లేచినప్పుడు దీపం తక్కువగా పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ట్రే మీద పెట్టి, తిరిగి పడుకోబెట్టాలి. ముద్దు చేశారా, రేపటి నుంచి 2:30కు ఆటకు లేపుతుంది. మూడు నాలుగు రోజులకొకసారి అలారం పావుగంట ఆలస్యంగా పెడుతూ పోతే మూడున్నర నెలల వయసుకు మా అలారం 5:30 అయింది. మే నెల ఎండల్లో నీళ్లు కట్టిపెట్టవద్దు. పడుకునే గంట ముందు గిన్నె తీసేస్తే చాలు, ఆలోపు దాహం తీరా తాగనివ్వండి. పాలు పోస్తే చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి, మీ గడియారమంతా తలకిందులవుతుంది.

ట్రే దగ్గర ఐదు నిమిషాలు నిలబడినా వెళ్లకపోతే? లోపలికి తెచ్చి వదిలేయడమే అందరూ చేసే తప్పు. కంచెలోనో, చేతుల్లోనో పది నిమిషాలు ఉంచుకుని మళ్లీ తీసుకువెళ్లండి. రెండోసారి వెళ్లాకే ఇంట్లో తిరిగే స్వేచ్ఛ.

పాల లెక్క లాంటి లెక్క

క్యాలెండరు మీద పాల లెక్క రాసుకున్నట్టు మేం ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించాం. ఎన్నింటికి తిన్నది, ఎన్నింటికి 'ఒ', ఎన్నింటికి 'రె', ఇల్లు తడిస్తే ఎక్కడ, ఎన్నింటికి. పనిచేసే ఆమె కూడా రాసేది. పది రోజుల తర్వాత చూస్తే ఇరవై మూడు తడుపుల్లో పద్నాలుగు సాయంత్రం ఏడూ ఎనిమిదిన్నర మధ్యే! అది ఏ వేళ? మేం ఇంటికి వచ్చి, టీ కప్పులు పట్టుకుని, ఆ రోజు జరిగింది చెప్పుకుంటూ సోఫాలో కూలబడే వేళ. అప్పటిదాకా మా ఇద్దరినీ ఒకచోట చూడని పిల్ల ఉత్సాహంగా గెంతుతూ ఉంటుంది, మా చూపు దాని మీద ఉండదు. నాలుగో చోటు. ఆ గంటన్నరలో అరగంటకొకసారి ట్రే దగ్గరికి తీసుకువెళ్లడం మొదలుపెట్టాక వారంలో తడుపులు మూడో వంతుకు తగ్గాయి. ఇది తెలిసేదాకా ఆఫీసు వేళలే సమస్య అనుకున్నాం.

తడిపినప్పుడు

మీ కళ్ల ముందే మొదలుపెడితే 'ఆగు' అని చిన్నగా చప్పట్లు కొట్టి, ఎత్తుకుని ట్రే మీద పెట్టండి. అక్కడ పూర్తి చేస్తే బహుమతి. అయిపోయాక చూస్తే మాత్రం ఏమీ అనవద్దు, తుడుచుకోండి. ముక్కు అందులో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం మన ఊళ్లలో పాత వైద్యం. దాని వల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే: మనిషి ముందు వెళితే ప్రమాదం. అప్పటి నుంచి సోఫా వెనక వెళుతుంది, మీరు ట్రే దగ్గర నిలబడితే ఆపుకుంటుంది.

'చేసింది తప్పని దానికి తెలుసు, ముఖం చూడండి' అనేవారికి ఒక ప్రయోగం గురించి చెప్పాలి. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాల పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కలు వద్దన్న తిండి తిన్నాయా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, యజమాని తిట్టినప్పుడే ఆ 'తప్పు చేసిన ముఖం' ఎక్కువగా కనిపించింది. అసలు తప్పే చేయని కుక్కల్లో కూడా. ఆ ముఖం మన కోపానికి జవాబు మాత్రమే.

తుడవడం గురించి కాస్త పట్టించుకోండి. ముందు పాత గుడ్డతో అద్ది పీల్చేయాలి, మాపుతో ఇల్లంతా పులమవద్దు. ఫినాయిల్ వాసన మన ముక్కును మభ్యపెడుతుంది, కుక్క ముక్కును కాదు. పైగా ఆ తడి నేల తొక్కి పాదాలు నాకుతుంది. పెంపుడు జంతువుల దుకాణంలో ఎంజైములున్న ద్రవం అడగండి. మూత్రంలో వాసన పుట్టించే పదార్థాలను అది విడగొడుతుంది. చల్లి పది పదిహేను నిమిషాలు వదిలేశాక తుడవాలి. టైల్సు మధ్య సందుల్లో ఎక్కువ పోయండి. బ్లీచింగ్ పౌడర్‌ను మూత్రం మీద నేరుగా చల్లవద్దు, అందులోని అమ్మోనియాతో కలిసి ఊపిరి ఆడనివ్వని వాయువు పుడుతుంది. మా పనిచేసే ఆమెకు ఈ సంగతి చెప్పి ఒప్పించడానికి మినుముకు నేర్పినంత సమయం పట్టింది.

చుట్టాలు వచ్చి వంగి ముద్దు చేయబోతే నేల మీద నాలుగు చుక్కలు రాలుస్తుందా? అది ఒంటికి వెళ్లడం కాదు, ఉద్వేగం. తిట్టకుండా, మొదటి ఐదు నిమిషాలు దాన్ని పట్టించుకోవద్దని చుట్టాలకు చెప్పండి. వయసుతో పోతుంది.

కిందికి మారడం

టీకాలు పూర్తయ్యాక, ట్రేలోని తడిసిన మట్టి గుప్పెడు తీసుకువెళ్లి కింద ఒక మూల వేశాను. రోజూ అదే మూల, అదే 'స్స్స్'. మూడో రోజు వెళ్లింది. ఒంటికి వెళ్లగానే ఇంటికి లాక్కురావద్దు. పని అయితే షికారు ముగుస్తుందని గ్రహిస్తే షికారు కోసం ఆపుకుంటుంది. వెళ్లాకే అసలు నడక మొదలుపెట్టండి. రెంటికి వెళ్లిన చోట కాగితంతో ఎత్తి సంచిలో వేసుకుని రావడం మన బాధ్యత. అపార్టుమెంటు సంఘంతో సగం గొడవలు దీనితోనే తీరిపోతాయి. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో చెప్పింది నిజమే. ఆ కాగితం చేతిలో ఉన్నా, లిఫ్టు ముందు తడి ఉంటే మీ మాట ఎవరూ వినరు.

వాన పడితే మినుము గడప దాటదు. అందుకే బాల్కనీ ట్రే ఇంకా తీసేయలేదు.

పశువైద్యుల దగ్గరికి ఎప్పుడు

చుక్కలు చుక్కలుగా మాటిమాటికీ వెళ్లడం, రక్తం కనిపించడం, నేర్చుకున్న పిల్ల హఠాత్తుగా ఇల్లు తడపడం మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆడ కుక్కల్లో ఇది ఎక్కువ. టీకాలు పూర్తికాని పిల్లకు వాంతులతో రక్త విరేచనాలైతే ఆ పూటే తీసుకువెళ్లండి. ఆరు నెలలు దాటిన మగ కుక్క కాలెత్తి గోడల మీద కొద్దికొద్దిగా పోస్తుంటే అది 'ఇది నా చోటు' అని వాసనతో గుర్తు వేయడం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి వైద్యులతో మాట్లాడండి.

గది తర్వాత గది

ఒక గదిలో రెండు వారాలు ఒక్కసారీ తడవకపోతే ఇంకో గది తలుపు తెరవండి. మళ్లీ తడిస్తే ఆ తలుపు మూసి వెనక్కి రండి. మాకు హాలు, పడకగది, వంటిల్లు వరసగా తెరవడానికి రెండు నెలలు పట్టింది. అటక మీది పట్టలు ఒక్కొక్కటిగా దిగాయి. మొదటి పట్ట తడిసింది, రెండోది తడవలేదు. సంక్రాంతికి అత్తయ్య మళ్లీ వచ్చినప్పుడు మంచం దిగి హాలులోనే కాఫీ తాగారు, మినుము ఆవిడ పాదాల దగ్గర పడుకుంది. దేవుడి గది తలుపు మాత్రం ఇప్పటికీ మూసే ఉంది. దానికి కారణం మినుము కాదు, అత్తయ్య.